పట్టిన చేపను ఒంటిచేత్తో వదలడం

2023 మే నెల చివరి వారం. సిడ్నీకి పడమర, బ్లాక్‌టౌన్ నుంచి కారులో కాసేపు వెళ్తే వచ్చే ఒక చిన్న టాకిల్ షాపు మాది. టాకిల్ అంటే గాలం సరంజామా: రాడ్లు, రీళ్ళు, దారాలు, కొక్కేలు, చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎరలు. షాపు యజమాని గ్లెన్. వెనక బల్ల దగ్గర కూర్చుని రీళ్ళు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించే మనిషిని నేను. యూనివర్సిటీలో చదువుకుంటూ పార్ట్‌టైముగా చేరాను. చదివింది అకౌంటింగ్, చేతికి మిగిలింది గ్రీజు.

మాది భీమవరం పక్క. చేపంటే మాకు చెరువు, వల, ఐసు పెట్టె, పులుసు. ఇక్కడ చేపను పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారని చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. "మరి పట్టడం ఎందుకే, దాన్ని పలకరించడానికా?" అంటుంది. మొదట్లో నేనూ అలాగే నవ్వుకున్నాను. ఆస్ట్రేలియన్ బాస్ గురించి తెలిశాక నవ్వు తగ్గింది. ఇది ఈ నేల మీద పుట్టిన చేప. వెన్ను ముదురు రంగులో, పక్కలు కంచు చెంబులా మెరుస్తూ ఉంటాయి. చలికాలం వస్తే గుడ్లు పెట్టడానికి నది కిందికి, ఉప్పునీళ్ళు కలిసేచోటికి ఈదుకుంటూ పోతుంది. ఆ నెలల్లో, అంటే ఇక్కడ మే నుంచి ఆగస్టు దాకా, నదుల్లో బాస్ పట్టనివ్వరు. పైగా ఇది నిదానంగా పెరుగుతుంది, మూరెడు పొడవు కావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అందుకే దీని కోసం గాలం వేసేవాళ్ళలో చాలామంది పట్టి, చూసి, వదిలేస్తారు. దెబ్బ తగలకుండా వదలడమే ఇందులో అసలు విద్య.

ఆ విద్య బాగా తెలిసినవాడు మల్లేశం అన్న. కరీంనగర్ మనిషి, బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఆయన రీళ్ళు నేనే సర్వీసు చేశాను. శనివారం తెల్లవారితే నేపియన్ నది ఒడ్డున ఉండేవాడు. ఆ ఏడు వేసవిలో, అంటే ఇక్కడ జనవరి ప్రాంతంలో, ఆయనకు స్ట్రోక్ వచ్చిందని విన్నాను. మే నెలలో షాపుకు వచ్చినప్పుడు కాలు కాస్త ఈడుస్తూ నడిచాడు, కుడిచెయ్యి భుజానికి తగిలించుకున్న సంచిలా వేలాడుతోంది. వెనక ఆయన భార్య సుజాత వదిన రాడ్ల కట్ట, టాకిల్ పెట్టె మోసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది.

"చెల్లె, ఇవన్ని ఎవరికన్న పనికొస్తె ఇచ్చెయ్యి" అన్నాడు.

వెంటనే వ్యాపారం మాటల్లోకి దిగిపోయాను. "ఎందుకన్నా ఇచ్చేయడం? క్లోజ్డ్ ఫేస్ రీలని ఉంది. బొటనవేలితో బటన్ నొక్కి విసిరితే చాలు, దారం దానంతటదే పోతుంది. ఎడంచేత్తో హాయిగా వేసుకోవచ్చు."

"ఇసురుడు గాదమ్మా నా బాధ. ఇసురుత, చేప పడ్తది. పడ్డంక దాన్ని ఎట్ల ఇడుస్త?"

ఆయనే చెప్పాడు. "బాస్‌ను రెండు చేతుల మీద అడ్డంగ పట్టాలె. ఒక చెయ్యి దవడకు, ఒక చెయ్యి పొట్ట కింద. ఒక్క చేత్తోని నిలువుగ ఏలాడదీస్తె దాని బరువుకు దాని దవడనే పోతది. గడ్డకేసి, తొక్కిపట్టి గాలం పీకుడు నాతోని గాదు. మంచిగ ఇడువరాకపోతె పట్టుడే వద్దు."

సుజాత వదిన చున్నీతో కౌంటరు మీద లేని దుమ్ము తుడుస్తూ అంది: "హాస్పిటల్ల గూడ ఇదే ముచ్చట. చెయ్యి మల్ల లేస్తదా అని డాక్టర్‌ను అడగలె. ఇగ చేపల సంగతేందని నన్ను అడిగిండు. ఆ నది గూడ లేకపోతె ఈ మనిషి ఇంట్ల ఎట్లుంటడో అని నా భయం."

ఇన్నేళ్ళలో ఆ కౌంటరు ముందు నిలబడి చేపను ఎలా పట్టాలని అడిగినవాళ్ళకు లెక్కలేదు. వదలడం చేతకాకపోతే పట్టనే పట్టనన్న మనిషిని చూడటం అదే మొదలు. నాకు ఆయన మీద అంతకుముందు ఉన్నది అభిమానం. ఆ క్షణాన అది గౌరవంగా మారింది.

"ఈ కట్ట నా బల్ల కింద ఉంచుతానన్నా. సెప్టెంబర్‌లో సీజన్ మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను. ఈలోపు దారి దొరక్కపోతే అప్పుడు మీరు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. గ్లెన్ పక్కనుంచి వింటున్నాడు. తెలుగు ముక్క రాకపోయినా విషయం అర్థమైంది. "టేక్ యువర్ టైమ్, వాణీ" అని తన పాత చెస్ట్ హార్నెస్ తెచ్చి నా ముందు పెట్టాడు. అది భుజాలకు తగిలించుకునే పట్టీల అల్లిక. ఛాతీ దగ్గర ఒక గొట్టం ఉంటుంది, రాడ్ పిడిని అందులో దూర్చితే చెయ్యి ఖాళీ అవుతుంది.

అలా పని మొదలైంది. ముందు ఎరల సంగతి చూశాను. బాస్ కోసం వాడే ఉత్తుత్తి ఎరలకు సాధారణంగా రెండు ట్రెబుల్ హుక్‌లు ఉంటాయి, అంటే మూడేసి కొనల కొక్కేలు. చేప కొట్టుకుంటే ఒకటి దాని నోట్లో, ఇంకొకటి మన వేలిలో దిగుతుంది. అవి తీసేసి వెనక ఒకే ఒక్క కొక్కెం పెట్టాను. అదీ బార్బ్‌లెస్, కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేనిది. వచ్చిన దారినే జారి బయటికొస్తుంది. "ఇలాగైతే చాలా చేపలు తప్పించుకుపోతాయన్నా" అని హెచ్చరించాను. "పోనీ. నా పని సగం అదే చేస్తది గద" అన్నాడు. చేప పొలుసు గీసుకుపోకుండా రబ్బరు అల్లిక వల ఒకటి తీసుకున్నాం. దాని అంచు చుట్టూ నీళ్ళమీద తేలేందుకు ఫోమ్ కట్టాను. చేపను బయటికి తీయక్కర్లేదు, నీళ్ళలోనే వల తొట్టిలా ఉంటుంది.

శనివారాలు వాళ్ళింటి పెరట్లో ప్రాక్టీసు. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు, చేపకు బదులు పొడుగు వంకాయ. నున్నగా ఉంటుంది, తేలుతుంది, చేతికి చిక్కదు. ఆ ఆలోచన సుజాత వదినది. వంకాయకు కొక్కెం గుచ్చడం, దాన్ని ఆయన నీళ్ళలోనే ఎడంచేత్తో తీయడం. సాయంత్రానికి అవన్నీ కూరలోకి పోయేవి. "మా ఇంట్ల వంకాయ కూరకు కత్తి అక్కెర లేకుంటయింది" అని ఆవిడ దెప్పేది.

నేను ప్లయర్స్ ఇచ్చాను. కుదరలేదు. వంకాయ గిరగిరా తిరిగిపోయేది. తర్వాత డీహుకర్ ఇచ్చాను. పిడికి ఒక ఇనుప తీగ, చివర వంపు. దారం వెంట దాన్ని జార్చి, కొక్కెం మెడను పట్టి ఒక్క తోపు తోస్తే ఊడొస్తుంది. కానీ దానికి దారం బిగుతుగా ఉండాలి, దారం పట్టడానికి రెండో చెయ్యి కావాలి. అక్కడే మూడు వారాలు ఆగిపోయాం. ఒకరోజు ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నట్టుండి నడుము వెనక్కి వాల్చాడు. హార్నెస్‌లో ఉన్న రాడ్ ఆయనతోపాటు వెనక్కి వాలింది, దారం తీగలా బిగిసింది. ఎడంచేత్తో డీహుకర్ జార్చి తోశాడు. కొక్కెం ఊడి టబ్బులో పడింది. "నా ఒళ్ళే రెండో చెయ్యి, చూసినవా" అన్నాడు. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇన్నేళ్ళు పనిచేసిన నా బుర్రకు ఆ వాలడం తట్టలేదు.

ఆగస్టు అయ్యేసరికి ఏ వంకాయకు గుచ్చినా కొక్కెం ఒక్క తోపుకే ఊడొస్తోంది. "ఒక్కటే షరతు చెల్లె. నది కాడ నేనొక్కణ్ణే ఇడువాలె. ఇడువగలిగితె ఆ రాడ్లు ఇంటికి తీస్కపోత. లేకుంటె నీ బల్ల కిందనే ఉంచు" అన్నాడు.

సెప్టెంబర్‌లో సీజన్ తెరిచిన మొదటి శనివారం ముగ్గురం వెళ్ళాం. దుంగలు, కొమ్మలు లేని చోటు చూసుకుని, నీటి అంచున చదునుగా ఉన్న రాతి మీద ఆయన కూర్చున్నాడు. ఎర విసిరాడు. అలలు సద్దుమణిగేదాకా ఆగి, భుజం చిన్నగా తిప్పితే ఎర నీటిమీద పురుగులా కదిలింది. చాలాసేపటికి నీళ్ళు ఫటేలుమన్నాయి. చేప పట్టుకుంది, లాగింది, ఒక్కసారి ఎగిరి కొక్కెం విదిలించుకుని పోయింది. ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం.

రెండోది గట్టిగా దొరికింది. రాడ్ ఛాతీకి ఆనించి, ఎడంచేత్తో రీలు తిప్పుతూ, తొందర పెట్టకుండా, అలాగని చేప అలిసిపోయేంత ఆలస్యం చెయ్యకుండా తెచ్చాడు. వలను చేప కిందికి తోశాడు. మూరెడు పొడవు బాస్ వచ్చి అందులో పడింది. వెనక్కి వాలాడు. డీహుకర్ జార్చాడు. రాలేదు. మళ్ళీ తోశాడు. చేప వలలో ఒక దొర్లు దొర్లింది. దాని నోట్లోంచి పొడుచుకొచ్చిన కొక్కెం కొన రబ్బరు అల్లికలో దిగింది. చేప, కొక్కెం, వల ఒకదానికొకటి చిక్కుకుపోయాయి. వంకాయ ఎప్పుడూ దొర్లలేదు మరి.

నేను లేవబోయాను. సుజాత వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన షరతు ఇద్దరికీ తెలుసు. కళ్ళ ముందే ఆ మూడు నెలల కష్టం, ఆ బల్ల కింద కట్ట. చేప సత్తువ తగ్గి మెల్లగా ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.

ఆయన అది చూశాడు. ఒక్క రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "చెల్లె, రా" అన్నాడు. "సుజాతా, నువ్వు గూడ. చెయ్యి తడుపుకొని రా. పొడిచేత్తో ముట్టుకుంటె దాని ఒంటి మీది జిగురు పోతది, జబ్బు చేస్తది."

ఆవిడ బతికున్న చేపను అంతకుముందు ముట్టుకోలేదు. రెండు చేతులూ నదిలో ముంచి, ఆయన చెప్పినట్టు పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి పెట్టి చేపను నీళ్ళలోనే నిలబెట్టింది. నేను వల అల్లికను పక్కకు లాగి పట్టాను. ఆయన వెనక్కి వాలి తోశాడు. కొక్కెం ఊడింది. "ఇడువకు, ఇడువకు. దాని తల నీళ్ళు వచ్చే దిక్కు పెట్టు. అదే పోతది" అన్నాడు. కాసేపు బాస్ ఆవిడ చేతుల్లో మొప్పలాడిస్తూ నిలబడింది. తర్వాత తోక ఒక్కసారి కొట్టి, ముగ్గురి ముఖాల మీదా నీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది.

తన షరతులో ఆయన ఓడిపోయాడని నా భయం. సామాను సర్దనా అని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. సుజాత వదిన తన అరచేతులు చూసుకుంటోంది. "దాని గుండె కొట్టుకునుడు నా చేతికి తెలిసింది" అంది.

మల్లేశం అన్న ఆవిడ వైపు తిరిగాడు. "వచ్చే శనివారం నీకు షిఫ్ట్ ఉన్నదా?" అని అడిగాడు.

"మార్పిచ్చుకుంట."

నా బల్ల కింది రాడ్లన్నీ ఆ రోజే వాళ్ళ కారెక్కాయి.

బాగుపడటమంటే మళ్ళీ అన్నీ ఒక్కడే చేసుకోగలగడమని నేను అనుకునేదాన్ని. ఆ లెక్కనే మూడు నెలలు సరంజామా తయారుచేశాను. ఆయన మాత్రం తన పంతానికీ చేప ప్రాణానికీ మధ్య క్షణం కూడా తూకం వెయ్యలేదు. అంత తేలిగ్గా సాయం అడిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ తర్వాత చెయ్యి పడిపోయినవాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు ఎందరో మా షాపుకు వచ్చారు. వాళ్ళకు హార్నెస్ చూపిస్తాను, బటన్ రీలు చూపిస్తాను. అవేవీ తియ్యకముందే ఒకటి అడుగుతాను: "నది దగ్గరికి మీతో ఎవరొస్తారు? ఈసారి వాళ్ళను కూడా తీసుకురండి. చెయ్యి ఎలా తడుపుకోవాలో చూపిస్తాను."