కప్పుకునే బీరయ్య

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా మేనత్త చనిపోయింది. నేను బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెప్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయిందే" అన్నాడు.

అచ్చంపేట దగ్గరి మా ఊర్లో, మా ఇంట్లోనే ఉంటూ అత్త మేకలు కాసేది. సంతకం రాదు. కానీ మా వాడలో ఎన్నో వస్తువులకు పేర్లు ఆమె పెట్టినవే. మేలు చేసినవాళ్ల పేరు ఆ మేలు తాలూకు వస్తువుకు పెట్టేది. గొంగడి నేసిచ్చిన ముసలాయన బీరయ్య, అందుకని గొంగడి బీరయ్య అయింది. కుక్కర్ వాడటం నేర్పింది పక్కింటి కోడలు సుజాత.

"సుజాత ఎన్నిసార్లు కూసిందే?" అని అత్త అరిస్తే, గోడవతలి నుంచి జవాబొచ్చేది: "నేను కూస్తలేనత్తా, పండ్లు తోముకుంటున్న!"

కొన్నాళ్లకు వాడంతా అట్లాగే అనడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలకైతే గొంగడి అసలు పేరే బీరయ్య.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. జడ్చర్ల హాస్టల్లో చేరిన మొదటి వారం, చలికి వణుకుతూ, "జర బీరయ్యను ఇటియ్యవా, కప్పుకుంట" అన్నాను. గది గదంతా పడీపడీ నవ్వింది. మర్నాటి నుంచి మెస్సులో కూడా అదే మాట: "ఏడే లావణ్యా, మీ బీరయ్య రాలేదా?"

శనివారం ఇంటికొచ్చి, ఇక చదవనన్నాను. మేకలకు కొమ్మలు కొడుతున్న అత్త చేయి ఆపలేదు.

"నవ్వితే నవ్వనియ్. బీరయ్య నీ చలి ఆపిండు. వాళ్ల నవ్వు చలిని ఆపుతదా?" అంది. ఇంకో కొమ్మ కొట్టి, "నీ పేరు నేనింక దేనికీ పెట్టలే. ఊకెనే పెడ్తనా? ఏదన్న చేసి రాపో" అంది.

ఆ చివరి మాట గుచ్చుకుంది. సోమవారం పొద్దున్నే బస్సెక్కాను.

టీచరునయ్యాక, బీపీ, షుగరు మందులు అత్త తారుమారు చేస్తోందని తెలిసింది. రెండు గదుల డబ్బా కొని, ఒక గది మీద సూర్యుణ్ని, ఇంకోదాని మీద చందమామను గీసిచ్చాను. అమ్మ రోజూ నింపేది. మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు, వాకిట్లో ఉండగానే అత్త గొంతు వినిపించింది.

"వదినే, పొద్దటి లావణ్యను మింగిన్నా లేదా, జర చూడు!"

ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మట్టి చేసి వచ్చాక ఆ డబ్బా తెరిచాను. సూర్యుడి గది ఖాళీగా ఉంది. చందమామ కింద రెండు తెల్లటి మాత్రలు అట్లాగే ఉన్నాయి.