బరకం మీద తడిసిన గింజలు

కెజియా కొడవలితో మరిది నెల్సన్ చెయ్యి నరికేసిందని కామవరపుకోట టీకొట్టు దగ్గర పుట్టిన మాట ఏలూరు దాకా పాకింది. మూడు వేళ్లన్నది పాకేసరికి మోచెయ్యి అయింది. ఆ మాట అబద్ధం. కళ్లారా చూసిన మనిషి ఒక్కతే ఉంది, నెల్సన్ని కన్నతల్లి సారమ్మ.

కెజియాది కొల్లేటికోట. తండ్రితో పాటు చేపల చెరువుల్లో పని చేస్తూ పెరిగింది. తట్ట నెత్తిన పెట్టుకుని, మడమలు బురదలో గుచ్చి, తడి గట్టు మీద నడిచేది. ఒక్కనాడూ జారిపడలేదని సారమ్మకు పెళ్లిచూపుల్లోనే గొప్పగా చెప్పారు. ఆ సారమ్మ పెద్దకొడుకుని పెళ్లి చేసుకుని కెజియా మెట్టకొచ్చింది. అతన్ని లారీ గుద్ది చంపాక ఎకరం చేనూ, అత్తగారూ ఆమెకు మిగిలారు.

మొక్కజొన్న వేస్తే అడవిపందులు కుళ్లగించేశాయి. చియా ఆకు వాసన పందులకు గిట్టదని విని, ఆ విత్తనం తెచ్చి చల్లింది. తులసి జాతి మొక్కే, వెన్నులు ఊదారంగు. రెండేళ్లుగా బాగా పండుతోంది. రోజూ పొద్దున్నే చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో వేసి, అవి నాని జిగురు కట్టాక నిమ్మకాయ పిండి అత్తగారికి ఇచ్చేది. కప్పగుడ్లు తాగించి చంపుతోందని సారమ్మ రోజూ తిట్టేది, రోజూ తాగేది.

నెల్సన్‌కి ఆ చేనులో పామాయిల్ మొక్కలు వెయ్యాలని. అన్న పోయాక వదినకి భూమెందుకని వాదన. ఒకసారి ఆమెను జుట్టు పట్టి బోరు దిమ్మకేసి కొట్టాడు. ఇంకోసారి మణికట్టు విరిచాడు. సారమ్మ రెండుసార్లూ నోరు మెదపలేదు.

మూడోసారి నూర్పిడి రోజునే వచ్చాడు. నేల మీద పరిచిన బరకం పట్టా మీద ఎండిన వెన్నుల్ని కర్రతో కొట్టి, సారమ్మ చెరుగుతుంటే కెజియా గింజల్ని గుట్ట పోస్తోంది. నెల్సన్ రెండు బకెట్ల నీళ్లు తెచ్చి గుట్ట మీద కుమ్మరించి కాలితో బరకమంతా నెరిపాడు. తడిసిన చియా ఇక ఎవరూ కొనరు. కెజియా అడ్డుపడింది. నూర్పిడి కర్ర లాక్కుని వీపు మీద, మోకాళ్ల మీద, మొహం మీద కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారింది. పడింది, లేచింది. బరకం చుట్టూ తిరుగుతూ దెబ్బలు తింది. సారమ్మ చేట పట్టుకుని చూస్తూ నిలబడింది.

కర్ర విరిగాక నెల్సన్ కొడవలి తీశాడు.

"ఇవాళ నిన్నిక్కడే పాతేస్తాను వదినా."

అప్పుడు కెజియా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బరకం మీదికి వచ్చింది. మడమలు గుచ్చి నిలబడింది. నెల్సన్ ఒక్క ఉరుకు ఉరికాడు. జిగురు మీద కాలు జర్రున జారింది. తన కొడవలి మీద తనే పడ్డాడు. మూడు వేళ్లు తెగి గింజల్లో పడ్డాయి. కెజియా పమిట చింపి ఆ చేతికి కట్టి, ఆటో పిలిచి ఎక్కించింది.

వదినే నరికిందని నెల్సన్ ఆసుపత్రి మంచం మీద నుంచే కేసు పెట్టాడు. మర్నాడు కానిస్టేబుల్ వచ్చాడు. సారమ్మ ఎటు చెబితే కేసు అటు. కన్నకొడుకే కొడవలి ఎత్తాడనీ, జారి తనే పడ్డాడనీ చెప్పి వేలిముద్ర వేసింది.

కానిస్టేబుల్ వెళ్లాక కెజియా నుదుటి కట్టుతోనే గ్లాసు తెచ్చి ఇచ్చింది. సారమ్మ తాగలేదు. ఉబ్బిన గింజల్ని చూస్తూ కూర్చుంది.

"నిన్న గేటు నీ వెనకే ఉంది కదే. రోడ్డు మీదికి పరిగెత్తకుండా బరకం చుట్టూ ఎందుకు తిరిగావు?"

"పరిగెడితే రేపు మళ్లీ వస్తాడు కదండీ అత్తయ్యగారూ" అంది కెజియా. "గింజలు నానేదాకా తిప్పాను."