గిరి బండి ముందు టైరు

నిన్న పొద్దున సలీం ఫోన్ చేసి "అక్కా, గిరి" అన్నాడు. ఆ తర్వాత ఒకటే ఏడుపు.

నాకు అర్థం కాలేదు. గిరి మా ఇంటికే బయల్దేరాడు కదా, ఇంకో గంటలో వచ్చేస్తాడు కదా అనుకుంటూ నిలబడ్డాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గిరి మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు. మదనపల్లె టమాటా మార్కెట్లో వాళ్ల మండీ చూసుకునేవాడు. సలీం వాడి చిన్నప్పటి ఫ్రెండ్.

మా అమ్మను కుప్పంలో కంటి డాక్టరుకు చూపించడానికి గిరి వస్తున్నాడు. గంగవరం దాటాక కారు ముందు ఎడమ టైరు పేలింది. బండి వెళ్లి కల్వర్టు గోడకు కొట్టుకుంది.

ఈ రోజు మధ్యాహ్నం గిరిని పూడ్చిపెట్టి మట్టి చేశాం.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మాట. స్పీడు. చిన్న కారు, టర్బో ఇంజను, లో-ప్రొఫైల్ టైర్లు, పెళ్లికాని కుర్రాడు. అందరూ తీర్పు ఇచ్చేశారు.

అందుకే రాస్తున్నాను. ఏడవడానికి కాదు.

పోయిన ఎండాకాలం గిరి ఆ కారుకు టైర్లు మార్చి మా ఇంటికి తెచ్చాడు. మా అమ్మ బయటికి వచ్చి వంగి చూసింది.

"ఏం నాయనా, టైరు ఇట్ల అణిగిపోయిండాది. గాలి పోయిందా?"

"గాలి పోలేదు పెద్దమ్మా. దాని గోడే అంత."

"గోడ కట్టేవాడు మధ్యలో పారిపోయినాడేమో సూడు."

వాడు పడీపడీ నవ్వాడు. తర్వాత నేల మీద కూర్చుని మాకు పాఠం చెప్పాడు. కంపెనీ ఇచ్చింది 195/55 R16. వాడు వేసింది 205/45 R17. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో అంత. చివరిది లోపలి రిమ్ము సైజు, అంగుళాల్లో.

రిమ్ము పెరిగినా గోడ తగ్గుతుంది కాబట్టి మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే ఉంటుందట. లేకపోతే మీటరు స్పీడు తప్పు చూపిస్తుందట. ఇలా గోడ పొట్టిగా ఉండేదే లో-ప్రొఫైల్ టైరు, దానితో మలుపులో బండి ఊగదు. కానీ గుంతలో పడితే దెబ్బ మెత్తగా తగలదు, నేరుగా రిమ్ముకు, గోడకు తగులుతుంది. అందుకని గాలి తగ్గనివ్వకూడదు. సైజు పక్కన ఉండే, టైరు మోయగల బరువు చెప్పే నంబరు కంపెనీ టైరు కంటే తక్కువది కొనకూడదు.

ఇన్ని చెప్పినవాడు గుంత కనిపిస్తే ఎద్దుల బండిలా పోయేవాడు. వెనక లారీవాళ్లు హారన్ కొట్టి తిట్టేవాళ్లు. మా అమ్మ "నడిచిపోయినా ముందే చేరుకుంటాం కదరా" అనేది. గ్రూపులో స్పీడు గురించి రాసినవాళ్లు ఒక్కసారైనా వాడి పక్కన కూర్చున్నారా?

పోయిన నెల పుంగనూరు దగ్గర నీళ్లు నిండిన గుంతలో పడి ముందు ఎడమ టైరు గోడ ఉబ్బింది. వాడు ఆ ఉబ్బుతో ఒక్క కిలోమీటరు కూడా నడపలేదు. స్టెప్నీ వేసుకుని పుంగనూరులో ఒక టైర్ల షాపుకు పోయాడు.

ఆ సైజు మన ఊళ్లలో స్టాకు ఉండదు. షాపాయన బెంగుళూరు నుంచి కొత్తది తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు. బిగించుకోవడానికి వెళ్లిన గిరిని, సలీంను లోపల కూర్చోబెట్టి టీ ఇప్పించి, బయట టైరు బిగించేశాడు.

తయారైన వారం, సంవత్సరం అంకెలు కనిపించలేదని గిరి అడిగాడట. లోపలి వైపు పడినాయి, కొన్ని టైర్లకు ఒక పక్కే ఉంటాయి అన్నాడట ఆయన. అది నిజమే కాబట్టి గిరి నమ్మాడు.

నిన్న సలీం కారు కిందికి దూరి ఆ లోపలి వైపు చూశాడు.

అది కొత్త టైరు కాదు. అక్కడి అంకెల ప్రకారం ఏళ్ల నాటిది. బెంగుళూరులో ఎవరో తీసేసినది అయ్యుంటుంది. గోడ తెగిన చోట ప్యాచ్ వేసి, పైన రబ్బరు పూసి, నల్ల పాలిష్ కొట్టారు. ఆ పక్కను ఇంజను వైపుకు తిప్పి బిగించారు. టైరు సరిగ్గా ఆ ప్యాచ్ దగ్గరే చీలింది. ప్యాచ్ ముక్క ఇంకా వేలాడుతూ ఉంది.

మన దగ్గర ట్రాక్టర్ టైరు గోడ తెగితే ప్యాచ్ వేస్తారు. మందం గోడ, మెల్లగా పోయే బండి, ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆయన ఆ పనే గిరి టైరుకు చేశాడు. ట్రాక్టరువాడికైతే ప్యాచ్ అని చెప్పే వేస్తారు. గిరికి చెప్పలేదు.

ఈ రోజు ఆ షాపాయన పూలమాల పట్టుకుని మట్టికి వచ్చాడు.

నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "మెల్లగా పో నాయనా అని సెప్తానే ఉంటినమ్మా. ఇనలేదు."

నేను ఆ మాల తీసుకోలేదు.

"ఆ టైరు యాడ్నుంచి తెచ్చినావప్పా?" అని అడిగాను.

"కొత్తదే కదమ్మా."

"అయితే గంగవరం పోదాం రా. బండి పోలీస్ స్టేషన్ ముందరే ఉండాది. లోపలి పక్క సూసి ఇదే మాట సెప్పు."

ఆయన మాల అక్కడి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని నేనే తీసి గేటు బయట పారేశాను. గిరి వాళ్ల నాన్న, మా చిన్నాన్న, చూస్తూనే ఉన్నాడు.

ఒక సంగతి చెప్పాలి. నిన్న సాయంత్రమే ఆయన మనుషులు క్రేన్ బండితో గంగవరం వచ్చారట. పాపం, మీకెందుకు శ్రమ, కారు మేమే షెడ్డుకు చేరుస్తాం అన్నారట. సలీం బానెట్ మీద ఎక్కి కూర్చున్నాడు. దిగలేదు. రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రేపు వచ్చి బండి చూస్తాడని స్టేషన్లో చెప్పారు. అంతవరకు ఆ చక్రం ఎవరూ ముట్టుకోకూడదు.

అందుకే ఈ రోజు సలీం మట్టికి రాలేదు. ఎందుకు రాలేదని గుసగుసలాడినవాళ్లు ఇది చదవండి. "నేను ఈడ్నుంచి కదల్నక్కా. నా పేరు సెప్పి ఒక పిడికెడు మన్ను వెయ్యండి" అన్నాడు ఫోన్లో. చిన్నాన్న వేశాడు.

షాపు పేరు ఇక్కడ రాయను. రేపు కంప్లైంట్‌లో రాస్తాను. ఆ షట్టరు దిగాలి. ఆయన కోర్టు మెట్లు ఎక్కాలి, నేను ఎదురుగా కూర్చుని చూడాలి. రాజీ మాటలు మోసుకొచ్చే బంధువులు ఎవరైనా సరే, మా గడప తొక్కొద్దు.

పోయిరా గిరీ. నీకు శాంతి దొరకాలి.

ఆయనకు దొరకకుండా నేను చూసుకుంటాను.