పోర్ట్ పూర్తయ్యేలోపు

ఆల్బనీలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినాయన మితభాషి. చదువు ముగిసి, వీసా గడువు దగ్గరపడి, ఎక్కడా ఉద్యోగం దొరకక తిరుగుతున్న రోజులవి. ఇంటర్వ్యూలో ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "నీకు చేతకానిదేదో చెప్పు." చెప్పాను. సోమవారం రమ్మన్నారు.

ఆయన కంప్యూటర్‌లో ఉన్నది ఆఫీసులో ఇంకెవరూ వాడని ఆపరేటింగ్ సిస్టమ్. లోకం మొత్తంలో దాన్ని వాడేవాళ్లే తక్కువ. జీతం లేకుండా దాన్ని నిలబెడుతున్న కొద్దిమందిలో ఆయన ఒకరు.

రిటైరయ్యాక ఆయనకు నరాల జబ్బు వచ్చింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. ముందు మాట ముద్దగా మారింది, తర్వాత పూర్తిగా పోయింది. కుడిచేతి వేళ్లు మాత్రం ఆడేవి. టైప్ చేసింది పైకి చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. కానీ ఆయన సిస్టమ్ మీద అది నడవదు. నడవాలంటే ఎవరో కూర్చుని దాని కోడ్ మార్చాలి; మా భాషలో దాన్నే పోర్ట్ చేయడం అంటాం.

"మామూలు ల్యాప్‌టాప్ కొంటే రేపటినుంచే మాట్లాడొచ్చు కదా," అంది ఆయన భార్య.

ఆయన చిన్న బోర్డు మీద రాశారు: "ఇరవై ఏళ్లుగా ఇదే నా ఇల్లు. ఇప్పుడు మారమంటావా?"

ఆమె నావైపు చూసింది.

"రెండు వారాలు చాలు. నేను చేసిపెడతాను," అన్నాను.

హాబ్సన్‌విల్‌లోని మా ఇంటికొచ్చి చెబితే నా భార్య అడిగింది: "ఆయనకి మాట కావాల్నా, ఆ సిస్టమ్ కావాల్నా?"

"రెండూ."

"రెండూ నీకే కావాలేమో, చూస్కో."

రెండు వారాలు నాలుగు నెలలయ్యాయి. ఆ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని స్పీకర్‌కు పంపే పద్ధతి ఈ సిస్టమ్‌లో లేదు. ఆ భాగమంతా కొత్తగా రాశాను. గొంతు వచ్చింది కానీ, ప్రతి వాక్యంలో చివరి మాటను మింగేసేది. "గుడ్ మార్నింగ్" అని చివర ఆయన భార్య పేరు నేను టైప్ చేస్తే, ఆ పేరే వినపడేది కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్లి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. తప్పు దొరికినప్పుడల్లా ఆయన కళ్లు ఆఫీసు రోజుల్లోలా మెరిసేవి. ఆ మెరుపు చూసి నేను సరైన పనే చేస్తున్నాననుకున్నాను. బోర్డు మీద ఆయన రాత రానురాను గీతలుగా మారడం, వంటింట్లోంచి వచ్చిన ఆమె ఆ గీతలు చదవలేక తిరిగి వెళ్లిపోవడం చూశాను. చూసీ పట్టించుకోలేదు.

చివరికి ఏప్రిల్‌లో ఒక శనివారం మొత్తం వాక్యం స్పష్టంగా వినిపించింది. మర్నాడు పరుగున వెళ్లాను. ఆయన వేలు కీబోర్డు మీద ఉంది. కదలలేదు.

ఇక కంటిచూపుతో అక్షరాలు ఎంచుకునే కెమెరా కావాలి. ఆ సిస్టమ్‌కు దాన్ని నేర్పాలంటే ఇంకో ఏడాది పడుతుంది. ఆమె నన్ను అడగలేదు. అందరూ వాడే రకం టాబ్లెట్, కెమెరా తెప్పించింది. ఒక్కరోజులో ఆయన మాట్లాడారు. కానీ ఒక్క వాక్యానికి ఐదారు నిమిషాలు పట్టేది.

ఆ రోజు ఆమె నా కారుదాకా వచ్చింది.

"నాలుగు నెలలు ఆయన వేళ్లు పనిచేశాయి. మామూలు ల్యాప్‌టాప్ ఉండుంటే మేం రోజంతా మాట్లాడుకునేవాళ్లం. ఆయన మొండి అని నాకు తెలుసు. కానీ నువ్వు వద్దంటే వినేవారు."

 

తర్వాత ఒకసారి ఆయన నాతో టాబ్లెట్‌లో అన్నారు: "మంచి పని చేశావు." మనసులో ఉన్నదే అన్నారో, నన్ను ఓదార్చడానికి అన్నారో ఆ యంత్రపు గొంతులో తెలియలేదు.

జూలైలో పోయారు. అంత్యక్రియలయ్యాక పాత కంప్యూటర్ తీసేయడానికి ఆమె నన్ను పిలిచింది. "అందులో ఆ గొంతుతో ఆయన అన్న మాటలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

వెతికాను. గొంతు సరిచూసుకోవడానికి నేను టైప్ చేసిన వాక్యాలు వందల కొద్దీ ఉన్నాయి. ఈ రోజు ఎండగా ఉంది. ఈ రోజు వాన పడుతోంది. అంతే.

"లేవండీ," అన్నాను.

ఆమె తలూపి, గోడ దగ్గరకు వెళ్లి ప్లగ్ లాగేసింది.