అన్నగారి రిబ్బను

తెల్లవారుతుండగా నరసాపురం రేవులో పడవ ఎక్కాము. మాఘమాసం. కాలువ మీద మంచు ఇంకా విడలేదు. ఈ దారిన రాజమహేంద్రవరం వెళ్ళదలచిన స్త్రీలకు ముందుగా ఒక మాట. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక ఈ రోజులే మేలు. కప్పు కింద చోటు ముందురోజే చెప్పుకోవాలి. చంటిపిల్లలుంటే పాలు ఇంటి దగ్గరే కాచుకుని తెచ్చుకోవాలి. రేవుల్లో అమ్మే పాలను నేను నమ్మను. మా బుల్లికి రాత్రినుంచి దగ్గు. తమలపాకు వెచ్చచేసి దాని గుండెల మీద వేస్తూ కూర్చున్నాను.

రాజమహేంద్రవరంలో నేను చదివిన కళాశాల తన పూర్వ విద్యార్థులందరినీ రమ్మంది. మా నాన్నగారు అక్కడ సంస్కృతం చెప్పేవారు. ఆయన పట్టుబట్టి, పెద్ద హాలు పక్కగదిలో తలుపు చాటున నాకొక కుర్చీ వేయించారు. అక్కడినుంచే పాఠాలు విని మద్రాసు విశ్వవిద్యాలయం వారి ఎఫ్.ఏ. పరీక్ష ప్యాసయ్యాను. నాన్నగారు ఇప్పుడు లేరు. బుల్లికి నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట దాన్ని తన కూతురి కొడుక్కి ఇచ్చేయాలని మా అత్తగారు. చదివించాలని నేను. మా వారు మునసబు కోర్టులో గుమాస్తా, ఏదీ తేల్చని మనిషి. చివరికి ఇలా అన్నారు: “అక్కడి పెద్దలు నిన్ను తమలో ఒకతెగా ఒప్పుకుంటే అమ్మతో నేను మాట్లాడతాను. నలుగురూ ఒప్పుకున్నదాన్ని అమ్మ కాదనదు.”

ఆ మాట పట్టుకునే బయలుదేరాను.

పడవను గట్టు మీదనుంచి మనుషులు తాడుతో లాగుతారు. లాకు వచ్చినప్పుడల్లా తలుపులు మూసి నీళ్ళు వదిలితే పడవ మెల్లగా పైకి లేస్తుంది. ఎండుచేపల బుట్టతో గంగమ్మ అనే ఆవిడ ముందు భాగంలో కూర్చుంది. “ఏటమ్మా, దగ్గుతున్న పిల్లనేసుకుని ఏ తీర్థానికి?” అంది.

“నేను చదువుకున్న కాలేజీకి.”

“ఆడోళ్ళకి కూడా ఉందేటండీ అది? అయితే ఈ బాబుగారు వంట సేత్తారా?” అంటూ మా వారిని చూపించింది.

పడవంతా నవ్వింది. మా వారు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

ఆ రాత్రి పడవలోనే గడిచింది. మర్నాడు విజ్జేశ్వరంలో దిగి, పెద్ద పడవలో గోదావరి దాటి, ధవళేశ్వరంలో జట్కా కుదుర్చుకున్నాము. బేరం ఎక్కకముందే తేల్చుకోవాలి. రాజమహేంద్రవరంలో సత్రంలో దిగాము. గది శుభ్రమే కాని నూతినీళ్ళు ఉప్పన; పిల్లలకు గోదావరి నీళ్ళే కాచి పట్టండి. రాత్రి బుల్లికి జ్వరం కూడా తగిలింది; అది తగ్గేదాకా నాకు నిద్ర లేదు.

మరుసటి ఉదయం కళాశాల గుమ్మంలో తలపాగా చుట్టిన యువకుడొకడు ఎర్ర పట్టు రిబ్బన్లు పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడొక ఆచారం ఉంది. ముందు ప్యాసైనవాడు అన్న, తరవాత ప్యాసైనవాడు తమ్ముడు. జమీందారుకైనా ఇక్కడ వేరే బిరుదు లేదు.

“రండి అన్నగారూ! ఏ సంవత్సరం?” అన్నాడతను మా వారితో.

మా వారు నా వైపు చూశారు. “నేను కాదండీ. మా ఇంట్లో వాళ్ళు...”

“ఇంట్లో వాళ్ళకి లోపల చాపలు వేయించామండీ, దిగులుపడకండి.” అంటూనే రిబ్బను మా వారి కోటుకు గుచ్చేశాడు.

“సంవత్సరం నాదండీ,” అని అదేదో కూడా చెప్పాను. అతను నా ముఖం చూడకుండా, మర్యాదగా, పక్కగది తలుపు చూపించాడు.

నేను చదువుకున్న గదే అది. గుమ్మానికి ఇప్పుడు వెదురు తడిక కట్టారు. లోపల పదిమంది దాకా ఆడవాళ్ళు, అందరూ ఎవరో ఒకరి భార్యలు. ఒకావిడ నాకు చోటిచ్చి, “మీ వారిది ఏ సంవత్సరమండీ?” అంది.

“ప్యాసైంది నేనండీ.”

“మా ఇంట్లోనూ అంతే. దీపంలో చమురు పోసిందాన్ని నేను కదా, ఆ ప్యాసు నాదేనంటాను!” అని ఆవిడ పకపక నవ్వింది.

హాల్లో ఉపన్యాసం మొదలైంది. “మనమంతా ఒక్క తల్లి బిడ్డలం. ఈ గోడలే మన పుట్టిల్లు,” అన్నారొక పెద్దాయన. పుట్టిల్లు అన్న మాట మగవాడి నోట ఎంత తేలిగ్గా వస్తుందో! ఆ తరవాత సంవత్సరాలవారీగా పిలవసాగారు. పిలిచినవాళ్ళు లేచి నిలబడితే మిగిలినవాళ్ళు “అన్నా! తమ్ముడూ!” అని చప్పట్లు కొడుతున్నారు.

నా సంవత్సరం పిలిచారు. బుల్లిని చంకనెత్తుకుని లేచాను. “ఇక్కడొకరం ఉన్నామండీ,” అని గట్టిగానే అన్నాను. చమురావిడ నా కొంగు పట్టి లాగింది. బుల్లి బెదిరి దగ్గుతూ ఏడుపందుకుంది.

“లోపల ఎవరి పిల్లో ఏడుస్తోంది, చూడండర్రా,” అన్నారు పెద్దాయన.

అప్పుడు గుమ్మం దగ్గరి యువకుడి గొంతు వినిపించింది. “ఏంటి అన్నగారూ, కూర్చునే ఉన్నారు? మీదే కదా ఈ సంవత్సరం. లేవండి!”

తడిక సందులోంచి చూశాను. మా వారు అటూ ఇటూ చూశారు. లేచారు. చప్పట్లు మోగాయి. ఎవరో వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

మధ్యాహ్నం ఒక్క తల్లి బిడ్డలకు మూడు చోట్ల వడ్డించారు. బ్రాహ్మణులకు హాల్లో, తక్కినవారికి వరండాలో, క్రైస్తవులకు పందిట్లో. వంట బాగుంది. పనసపొట్టు కూర మరీ బాగుందని మా వారు రెండుసార్లు చెప్పారు.

తిరుగు ప్రయాణంలో విజ్జేశ్వరం దగ్గర పడవ ఎక్కాక అడిగాను. “అత్తయ్యగారితో మాట్లాడతారా?”

“ఏమని చెప్పనే? వాళ్ళు నిన్ను పిలవలేదు కదా.”

“మిమ్మల్ని పిలిచారుగా.”

ఆయన కాలువ వైపు తిరిగారు. రిబ్బను ఇంకా కోటుకే ఉంది. లాకు తలుపులు మూసుకున్నాయి. వెళ్ళేటప్పుడు మమ్మల్ని పైకెత్తిన నీళ్ళే ఇప్పుడు కిందికి దింపుతున్నాయి.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పడవ సుఖం, సత్రం ఫరవాలేదు, కళాశాల కట్టడం చూడదగ్గది. అక్కడ చదివినవాళ్ళ మధ్య అంత ఆపేక్ష మరెక్కడా ఉండదన్నది నిజమే. అది కంటితో చూశాను, తడిక సందులోంచి.

నరసాపురం రేవుకు మా అత్తగారు ఎదురొచ్చారు. కొడుకు కోటుకున్న రిబ్బను చూసి మురిసిపోయారు. “నీకిచ్చారట్రా నాయనా!” అంటూ దాన్ని ఊడదీసి బుల్లి జడకు ముడివేశారు.

“చూడవే కోడలా,” అన్నారు, “అచ్చం పెళ్ళికూతురిలా లేదూ!”

మా వారు సామాను దింపించడానికి వెళ్ళిపోయారు.