ఎర్త్ గొయ్యికి చోటు

గుమ్మలక్ష్మీపురానికి ఎగువన, కొండ వాలులో ఉంటుంది మా ఊరు. అక్కడ కొత్త ఇంటి గోడలు లేచాక, వైరింగు పనికి పార్వతీపురం నుంచి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. నేను స్కూలు టీచరును. ఇంట్లో ఉండేది నేనూ మా చిన్నమ్మా. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

పాత ఇంట్లో కరెంటంటే ఒక బల్బూ ఒక ప్లగ్గూ. స్తంభం నుంచి వచ్చే తీగ కిందే ఇనప తీగ కట్టి బట్టలారేసుకునేవాళ్లం. నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఒక వానాకాలం పొద్దున, చిన్నమ్మ దాని మీద తడి చీర వేసింది. పై తీగ తొడుగు ఒరుసుకుపోయి కింది తీగకు తగులుతున్న సంగతి ఎవరమూ చూసుకోలేదు. ఎవరో ఎండు వెదురుతో తీగను తప్పించబట్టి బతికింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం అప్పట్నుంచి ముడుచుకోవు. ఆ తర్వాత ఆమె స్విచ్చు ముట్టుకోలేదు. నేను బడి నుంచి రావడం ఆలస్యమైతే కిరసనాయిలు బుడ్డి వెలిగించుకునేది.

ఎలక్ట్రీషియన్‌కు అరవై ఏళ్లు ఉంటాయి. సుద్దముక్కతో గదిగదికీ తిరిగి, బోర్డులు ఎక్కడ రావాలో గోడల మీద గీశాడు. లైట్లకు ఒక సర్క్యూటు, నీళ్ల హీటరుకు వేరే సర్క్యూటు అన్నాడు. స్నానాల గది లోపల స్విచ్చు పెట్టనన్నాడు. వంటింట్లో నేను ప్లగ్గుకు చూపించిన చోటును కుళాయికి దూరంగా జరిపాడు. పని రూల్సు ప్రకారం జరిగిందని ఆయన సంతకం పెడితేనే కరెంటాఫీసులో మీటరు ఇస్తారు. ఎర్తింగ్ సరిగా కుదరందే సంతకం పెట్టనని మొదటిరోజే చెప్పాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఎర్త్ పైపు దించడానికి మనిషి నిలువుకు మించిన లోతు కావాలి. ఇంటి ముందు తవ్విస్తే మోకాలి లోతులో బండ తగిలింది. పక్కన తవ్విస్తే నడుం లోతులో తగిలింది. నాకు విసుగొచ్చింది. ఊళ్లో ఎవరింటికీ ఇంత లోతు గొయ్యి లేదు. ఉన్నంతలో పైపు దించి సంతకం పెట్టెయ్యకూడదా అని అడిగాను.

ఆయన కోప్పడలేదు. "పెట్టీవచ్చు మేడమ్. మరి మీ పిన్ని సెయ్యి అలగెందుకైపోనాదో ఇందాక సెప్పింది మీరే కదా" అన్నాడు.



చిన్నమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. అంతా వింటూనే ఉంది. చేట పక్కన పెట్టి ఆయన్ని అడిగింది:

"ఆ గొయ్యి ఏటి సేత్తాది బాబూ?"

తీగ ఎక్కడైనా ఇనుముకు తగిలితే కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండాలనీ, దారి ఉంటే బోర్డులోని స్విచ్చు దానంతటదే పడిపోతుందనీ ఆయన చెప్పాడు.

"నా సెయ్యి తగలక ముందే పడిపోతాదా?"

"ముందే పడిపోవాలనే ఈ గొయ్యి, పెద్దమ్మా. మట్టి లోతుండాల. ఎండల్లో కూడా తడి ఆరకూడదు."

ఆమె లేచి, పెరటి దిగువన ఉన్న తన పసుపు మడిలోకి నడిచింది. కొండ మీంచి దిగే ఊట ఆ మడి కిందుగా పోతుంది. ఇంకో రెండు నెలలకు తవ్వాల్సిన పసుపు అది. మడి మధ్యలో నిలబడి, "ఈడ తవ్వండి" అంది.

పసుపు పోతుంది కదా అన్నాను.

"మళ్లీ ఏసుకుందుం" అంది. ఆ వరస దుంపలు తనే పీకి గట్టు మీద వేసింది.

అక్కడ కావలసినంత లోతు తవ్వినా బండ తగల్లేదు. పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోశారు. ఎలక్ట్రీషియన్ దూరంగా రెండు మేకులు నేలలో దిగ్గొట్టి, కరెంటు భూమిలోకి సరిగా పోతుందో లేదో కొలిచే మీటరు పెట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత తన సంచీలోంచి ఫారం తీసి, గట్టు మీదే కూర్చుని సంతకం పెట్టాడు.

కరెంటు ఇచ్చిన రోజు ఆయన మళ్లీ వచ్చాడు. బోర్డులో చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కితే రక్షణ స్విచ్చు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. దాన్ని నెలకోసారి నొక్కి చూడమని నాతో చెబుతుంటే చిన్నమ్మ దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసి, ఎడమచేత్తో నొక్కింది. టక్కుమని స్విచ్చు పడింది, ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. ఆయన స్విచ్చు ఎత్తాడు. ఆమె మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కాక స్విచ్చు ఎత్తింది కూడా తనే.

ఇప్పుడు లైట్లు తనే వేసుకుంటుంది. మిక్సీ జోలికి మాత్రం పోదు, రోట్లోనే రుబ్బుతుంది.

తర్వాతి వేసవిలో కింది వీధిలో ఒకరు ఇల్లు కట్టుకుంటూ, గొయ్యికి చోటు చూడమని చిన్నమ్మను పిలిచారు. ఆమె పార పట్టుకుని వెళ్లింది. వాళ్ల పెరట్లో రెండు చోట్ల మట్టి తిరగేసి పిడికిట్లో నలిపి చూసింది. మూడోచోట, అరటి చెట్ల మొదట్లో ఆగి, నేల మీద గీత గీసింది.