కొలుస్తుండగా పడిన మాట

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. బల్లిని చూసి వచ్చి మొసలి అంటాను. గడ్చిరోలిలో సిరోంచ బస్సు ఎక్కినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేదనీ, దిగేసరికి ఇట్లా నెరిసిందనీ కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళకు చెబుతుంటాను. సగం మంది నమ్ముతారు. పాపం, వాళ్ళూ అదే బస్సులో వచ్చారు మరి.

బామ్ని దాటాక ఒక చిన్న సరిహద్దు ఊరి బడిలో నేను లెక్కల మాస్టరును. బడి మరాఠీది, పిల్లలు తెలుగువాళ్ళు, మధ్యలో నేను. ఏడో తరగతితో ఆ బడి అయిపోతుంది. ఎనిమిది చదవాలంటే సిరోంచ వెళ్ళి హాస్టల్లో ఉండాలి.

లెక్కల గంట మోగగానే మా పిల్లలకు పట్టుకునే రోగాలకు వైద్యులు ఇంకా పేర్లు పెట్టలేదు. ఒకడికి కడుపునొప్పి, ఒకడికి చెవిలో చీమ, ఒకమ్మాయికైతే ఏకంగా ఇంటి దగ్గర మేకకు కడుపునొప్పి. వీళ్ళను కూర్చోబెట్టడానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, నవ్వించడం. భిన్నాలు చెప్పాలంటే ముందు హెడ్మాస్టరు బట్టతలను నాలుగు భాగాలు చేసేవాణ్ణి. నవ్వే పిల్ల పారిపోదని నా నమ్మకం.

ఏడో తరగతిలో ఒక్క పిల్ల మాత్రం నవ్వేది కాదు. తల్లీతండ్రీ లేరు, తాత పెంచుతున్నాడు. ఎక్కాలు అప్పజెప్పమంటే ఏడో ఎక్కం దగ్గర బురదలో దిగబడ్డ బండిలా ఆగిపోయేది. వెనక నుంచి పదిమంది తోసినా కదిలేది కాదు. ఈ పిల్లకు లెక్కలు రావని తీర్మానించేశాను. చాలా తొందరగా తీర్మానించాను.

పోయిన ఏడాది వరికోతలప్పుడు ఒక ఆదివారం వాళ్ళ కల్లం పక్కగా వెళుతున్నాను. వడ్లు తూకం మీద బస్తాలకెక్కే రోజులే అయినా, మా వైపు కూలి గింజలూ తిండి గింజలూ ఇంకా కుంచంతోనే కొలుస్తారు. రేగుంట దాకా ఎవరి రాశి కొలవాలన్నా ఆ తాతనే పిలిచేవారు. ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్మాయి. అందుకని మనవరాలు కొలుస్తోంది.

తలకు గుడ్డ చుట్టుకుని, తూర్పు ముఖంగా కూర్చుని, కుంచం ముంచింది. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. రెండో కుంచం పోసేదాకా "లాభం, లాభం, లాభం" అంటూనే ఉండాలి. తర్వాత మూడోది పోసేదాకా "రెండు, రెండు, రెండు". అంకె నోట్లోంచి దిగకూడదు. బడిలో గొంతే లేని పిల్ల అక్కడ గుళ్ళో పూజారిలా చదువుతోంది. చేతులు యంత్రంలా ఆడుతున్నాయి. నేను ఉండబట్టలేక "ఏం పిల్లా..." అన్నాను.

తాత అరచెయ్యి గాల్లోకి లేచింది. పోలీసులు లారీలను ఆపేటప్పుడు కూడా అంత గట్టిగా ఎత్తరు.

కొలత అయ్యాకే మాట్లాడాడు. "సారూ, కొలిచేటప్పుడు మాట పడొద్దు. అంకె నోట్ల ఉంటది. ఇంకో మాట వడితే అంకె కింద వడ్తది. కింద వడ్డదాన్ని మల్ల ఏరలేం."

"తప్పైంది పెద్దయ్యా" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్ళు, మీకెట్ల తెలుస్తది తియ్యి" అన్నాడు. క్షమించాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు.

పక్కనే ఇంకా కొలవని రాశి ఉంది. ఇదెన్ని కుంచాలుంటుందని పిల్లను ఊరికే అడిగాను. ఒకసారి చుట్టూ తిరిగింది. "నలభై రెండు సార్. ఒకటి అటో ఇటో." కొలిస్తే నలభై రెండున్నర వచ్చింది.

"ఎట్లా చెప్పావు?"

"పొడుగు జూసి మోసపోవద్దు సార్. అడుగు జూడాలె. పొడుగు గంతే ఉండి, అడుగు అడ్డం రెండింతలైతే గింజలు నాలుగింతలైతయి. నేను జూసిన."

ఆ ముక్క పాఠ్యపుస్తకాల్లో ఆమెకు ఇంకా రెండు మూడేళ్ళ దూరంలో ఉంది. ఆ పిల్ల మాత్రం కల్లంలో ఎప్పుడో దాన్ని దాటేసింది.

సోమవారమే బడి ముందు ఇసుక పోయించాను. ఎన్ని కుంచాలో అందరూ ఊహించి పలకల మీద రాయాలి, తర్వాత ఆమె కొలవాలి. నేను నోరు మూసుకోవాలి. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన పని చెయ్యలేదు. వారం తిరిగేసరికి చెవిలో చీమలు చచ్చిపోయాయి, మేకకు కడుపునొప్పి తగ్గింది. గంట మోగకముందే రాశి చుట్టూ మూగేవారు. "నువ్వు గోపురం జూసి రాసినవ్, అడుగు జూడలే" అని ఒకరినొకరు దెప్పుకునేవారు. పిల్లలు లెక్క కోసం కొట్లాడుకోవడం అప్పుడే చూశాను. ఆ పిల్ల నవ్వడమూ అప్పుడే చూశాను. నా జోకుకు కాదు. తన ఊహ అర కుంచం తప్పినందుకు.

తాతను ఎనిమిదో తరగతి సంగతి అడిగాను.

"ఒక్కతే పిల్ల సారూ. నాకు కండ్లు లేవు. దూరం పంపుతే ఇల్లు చీకటే. మీరు మెచ్చుకునుడు గాదు, మీరు కాకిని గుడ నెమలంటరని ఊరంత తెలుసు. పెద్ద సాబ్ వచ్చి, ఈ పిల్లకు లెక్క వచ్చునని ఆయన నోట అంటె పంపుత. మాటంటె మాటే."

చలికాలం వెళుతుండగా తనిఖీకి జిల్లా విద్యాధికారి సాహెబ్ వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన ముందు కొలవడానికి ఇసుక వద్దన్నాడు తాత. "పెద్ద సాబ్ ముందట ఇసుక కొలుస్తదా నా మనవరాలు?" అని ఇంట్లో వడ్లు బండికెత్తించి తెచ్చి, బడి ముందు టార్పాలిన్ మీద రాశి పోయించాడు. చెప్పులు దూరంగా విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు కనబడదు. వినడానికి వచ్చాడు.

సాహెబ్ మంచివాడే. కుర్చీ వెయ్యబోతే వద్దని నిలబడ్డాడు. పిల్ల రాశి చుట్టూ తిరిగి పలక మీద ముప్పై ఆరు రాసింది. తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుంది. కుంచం ముంచి పోసింది.

"లాభం, లాభం, లాభం..."

సాహెబ్ నా వైపు వంగి మరాఠీలో మెల్లగా అడిగాడు, ఆ అమ్మాయి ఏమంటోందని.

వేలు పెదవి మీద పెట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. నాకు తెలుసు. తెలిసీ, గడ్చిరోలి నుంచి అంత దూరం వచ్చిన మనిషి ఎదురుగా ఉండేసరికి, నాలుక మీద ఏదో పాకింది. అందరికీ వినబడేటట్టు మరాఠీలోనే అన్నాను: "మా ఊళ్ళో ఒకటి అంటే లక్ష్మి అలుగుతుంది సాహెబ్. అలిగి తిన్నగా గడ్చిరోలి బస్సెక్కుతుంది. ఆ బస్సెక్కాక దేవతైనా తిరిగి రాగలదా చెప్పండి!"

సాహెబ్ పగలబడి నవ్వాడు. ఆ రోడ్డు మీద అప్పుడే నడుం విరగ్గొట్టుకుని వచ్చినవాడు, ఎందుకు నవ్వడు? మాస్టర్లు నవ్వారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నా జోకుకు నేను నవ్వడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

పిల్ల చేతిలో కుంచం సగం నిండి ఆగిపోయింది.

సాహెబ్ ప్రేమగానే, "ఏక్ అని లెక్కపెట్టు బేటా, భయపడకు" అన్నాడు. ఆమె ఏక్ అంది. దోన్ అంది. మరాఠీలో కొన్ని, తెలుగులో కొన్ని పోసింది. అంకెను పట్టి ఉంచే ఆ పాట లేదు, చేతులకు తాళం లేదు. పద్దెనిమిదో పంతొమ్మిదో, అక్కడ ఆగింది. ఏది పోసిందో, ఏది పోయలేదో తెలియలేదు. పోసిన వడ్లను చూసింది, రాశిని చూసింది, నా వైపు చూసింది. ఏడ్చినా బాగుండేది.

"ఏం ఫర్వాలేదు, మళ్ళీ మొదలుపెట్టు" అన్నాను.

తాత గోడ పట్టుకుని లేచాడు. తడుముకుంటూ వచ్చి ఆమె చేతిలో కుంచం తీసుకున్నాడు. "పా బిడ్డా, ఇంటికి పోదాం." ఆమె చెయ్యి పట్టుకుని నా పక్కగా వెళుతూ, గొంతు పెంచకుండా అన్నాడు. "నవ్వుతానికి మా పిల్లనే దొరికిందా సారూ?"

మర్నాడు ఆయనే బడికొచ్చాడు. "పెద్ద సాబ్ పుస్తకంల ఏం రాసిండు?"

బడి చేసిన ప్రయోగం మెచ్చుకోదగినది, విద్యార్థినికి లెక్కింపులో ఇంకా సాధన అవసరం అని రాసి ఉంది. ఆయన చదవలేడు. 'ఇంత తెలివైన పిల్లను ఈ జిల్లాలోనే చూడలేదని రాశాడు పెద్దయ్యా' అంటే సరిపోయేది. నాకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజెందుకో, ఆయన పొరలు కమ్మిన కళ్ళ ముందు నాకు అబద్ధం రాలేదు. రాసింది రాసినట్టు చదివాను. నిజం చెప్పడానికి నేను ఎంచుకున్న రోజు అది.

తల ఊపి వెళ్ళిపోయాడు. ఆమె ఏడో తరగతి పరీక్షలు రాసింది. లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కింది. బడి ముందు రాశి పోస్తే ఏదో పని కల్పించుకుని బయటికి వెళ్ళేది.

జూన్‌లో హాస్టల్ ఫారం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఒకసారి కాదు, పదకొండుసార్లు. సరే, నాలుగుసార్లు. నాలుగోసారి తాత మంచం మీంచి లేచాడు.

"తోల్కపోండ్రి సారూ. నేనే జిద్దు వట్టిన. ముసలోనికి ఇల్లు చీకటైతదని పిల్ల బతుకు చీకటి జేస్తనా? సాబ్ అననీ, అనకపోనీ. పాండ్రి, మనిద్దరం చెప్పుదాం."

వానలు పడి నాట్లు మొదలయ్యాయి. నా భుజం పట్టుకుని ఆయన, ఆయనను పట్టుకుని నేను, గట్ల మీద జారుతూ వెళ్ళాం. ఆమె మోకాటిలోతు బురదలో నాటు వేస్తోంది. మమ్మల్ని చూసి గట్టుకొచ్చింది. ఫారం చూపించాను. ఎన్నో మాటలు కూడదీసుకుని వెళ్ళాను గానీ ఒక్కటే బయటికొచ్చింది. "ఆ రోజు తప్పు నాది, నీది కాదు."

"మీరు నవ్విండ్రని కాదు సార్" అంది. "ఇప్పుడు కుంచం ముట్టుకుంటెనే అంకె జారిపోతాంది. కోతలకు తాత కొలువుమంటె ఎట్లనో అని పరేషాన్ ఉన్న."

"ఇంట్ల సంగతి ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు తాత. "నువ్వు సిరోంచ పో. సారు అంత జూసుకుంటడు. నేను అడ్డం రాను."

ఆమె ఫారం వైపు చూసింది. చేతులకు బురద ఉందేమో, ముట్టుకోలేదు.

"నేను పోను తాతా. ఆడ గుడ అందరి ముందట లేపి లెక్క అడుగుతరు. ఆడ తప్పితే, చెయ్యి వట్టుకొని ఇంటికి తీస్కపోతానికి నువ్వుండవ్ కదా."

తాత నా భుజం మీది చెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె వంగి నారుకట్ట అందుకుని మళ్ళీ మడిలోకి దిగింది.